ఒబ్లోమవునకు మేజోళ్లు తొడిగిన దెవరు?

సోమరితనమును దోషమనుటకే సిగ్గుపడు కాలము వచ్చినది. ఇవాన్ గొంచరోవు 1859లో ప్రకటించిన ‘ఒబ్లోమవ్’ నవలను మెచ్చువారిలో పలువురు, దాని నాయకుడు బద్ధకస్తుడు గాడనియు, పరుగులు వెట్టు లోకమును రోసిన నిర్మలచిత్తు డనియు వాదించుచున్నారు. నికితా మిఖల్కోవు 1979లో నిర్మించిన ‘ఒబ్లోమవు జీవితమున కొన్ని దినములు’ అను చలనచిత్రము ఈ వాదమునకు మంచి ఊతకఱ్ఱ యైనది. ఓలెగ్ తబకోవు ఆ పాత్రను ఎంత మృదువుగా నటించెననగా, చూచువారికి కోపము రాదు. జాలి కలుగును, పిదప ప్రేమయే కలుగును. నటుని ప్రజ్ఞను మేము కాదనము. ఆ జాలి యెవరికి చెందవలెననునదియే మా తగవు.

ఇల్యా ఇల్యిచ్ ఒబ్లోమవు సెయింట్ పీటర్స్‌బర్గులో గొరోఖొవయ వీథి నొక అద్దె యింట పరుండి యుండును. నవల మొదటి భాగము ముగియువఱకును ఆయన వీథి త్రొక్కడు. దూరమున ఒబ్లోమొవ్క యను స్వగ్రామమున, భూమితో పాటు యజమానికి కట్టుబడిన కాపులు మూడువందలకు పైగా ఆయనకై దున్నుచుందురు. రష్యాలో ఆ దాస్యము రద్దయినది 1861లో. అనగా నవల వెలువడిన రెండేండ్లకు. స్నేహితుడు ష్టోల్‌త్సు ఈ రోగమునకు ‘ఒబ్లోమొవ్‌షీన’ అని పేరు పెట్టెను. విమర్శకుడు దొబ్రొల్యూబొవు అదే యేట ఆ మాటనే తన వ్యాసమునకు శీర్షికగా నిలిపి, ఇది యొక్కని స్వభావము గాదు, ఇతరుల చాకిరిపై పెరిగిన పెంపకపు ఫలమని చూపెను.

ఇల్లు మాఱవలసివచ్చినప్పుడు, ఇతరులును మాఱుచునే యున్నారు గదా యని సేవకుడు జఖారు నోరు జారును. ప్రభువునకు పట్టరాని యవమానము! తన్ను ఇతరులతో పోల్చుటయా? పుట్టినది మొదలు తన మేజోళ్లు తానై తొడిగికొని యెఱుగనని ఆయన చెప్పికొనును. సిగ్గుతో గాదు, గర్వముతో. నిర్మలచిత్తమట! ఆ చిత్తము నిర్మలముగా నుండుటకు కాళ్లకడ ఒకడు వంగి యుండవలెను.

ఆగాఫ్యా మత్వెయెవ్న మాట యింకను ఘోరము. వైబొర్గు వైపున ఆయనకు బస యిచ్చి, తుదకు భార్యయైన వితంతువు ఆమె. ఆమె మోచేతులు ఎల్లప్పుడు పనిలో ఆడుచుండును. ఒబ్లోమవు కూర్చుండి వాని యందమును చూచి ఆనందించును. ఆమె సోదరుడే దొంగపత్రము వ్రాయించి ఆయన సొమ్మును లాగికొనగా, ఆయన విస్తరికి కొఱత రాకుండుటకై ఆమె తన ముత్యములను తాకట్టు పెట్టెను. గృహిణులైన మా చదువరులకు ఈ ఘట్టమునకు వ్యాఖ్య యక్కఱలేదు. చలనచిత్రము ఈమె బ్రదుకును కొలది మాటలతో దాటవేసి, పచ్చని బయళ్లలో తల్లికొఱకు పరుగెత్తు పిల్లవానితో ముగియును. కన్నుల కింపుగానే యున్నది. కాని ఆ తల్లి చేతులేవి?

ష్టోల్‌త్సు శుష్కుడనుట నిజమే. ఎడతెగని ఈ పరుగులో మనుష్యుడెక్కడ యని ఒబ్లోమవు వేయు ప్రశ్నయు తీసివేయదగినది గాదు. గొంచరోవు దానికి తగిన యుత్తరము ఇయ్యలేదనియే మా యభిప్రాయము. అయినను, విశ్రాంతి జీవితధర్మమనువాడు జఖారునకును దానిని కోరవలదా? ఆగాఫ్యాకు కోరవలదా?

ఒబ్లోమవు మరణించిన కొన్నేండ్లకు ష్టోల్‌త్సును, అతని మిత్రుడగు నొక రచయితయు చర్చికడ బిచ్చగాండ్రను చూతురు. వీరెక్కడనుండి వచ్చుచున్నారో యని రచయిత వింతపడును. వారిలో నొక ముసలివాడు జఖారు. ఆ సంభాషణలోనే ష్టోల్‌త్సు ఈ కథ నంతయు చెప్పెను.