దిగివచ్చిన వేట తుపాకీ

వేట రైఫిళ్ల తయారీలో తరతరాల కీర్తి గడించిన ఐరోపా, అమెరికా సంస్థలు గత పదిహేనేళ్లలో ఒకదాని వెంట మరొకటి చవక రకాలను విపణిలోకి దించాయి. 1898 నాటి బోల్ట్ నిర్మాణంతో ప్రపంచంలోని రైఫిళ్లకు ఒరవడి దిద్దిన జర్మనీ సంస్థ మౌజర్ 2018లో ఎం18 అనే రకాన్ని తెచ్చి, అది ‘ప్రజల రైఫిల్’ అని ప్రచారం చేసుకున్నది. అమెరికాలో అప్పుడు దానికి ప్రకటించిన ధర సుమారు 700 డాలర్లు. అదే సంస్థ సంప్రదాయ పద్ధతిలో తయారుచేసే ఎం98 వెల ఇందుకు అనేక రెట్లు. శ్రీమంతుల విలాస వస్తువుగా పేరుపడినది సామాన్య వేటగాడి గుమ్మంలోకి రావడం పైకి ఔదార్యంగా కనిపించవచ్చు. లోతుకు వెళ్లి చూస్తే అది అవసరం నేర్పిన వినయం.

మౌజర్ ఒక్కటే ఈ బాట పట్టలేదు. 1751లో పుట్టి, జర్మనీలోని అతి పురాతన వేట తుపాకుల సంస్థగా చెప్పుకునే సావర్ 2016లో ‘100’ అనే ప్రారంభ శ్రేణి రైఫిల్‌ను ప్రవేశపెట్టింది. ఫిన్లాండ్ సంస్థ సాకో 2003లోనే టిక్కా టీ3ని తెచ్చి ఇతరులకు దారి చూపింది. అమెరికాలో వించెస్టర్ పేరిట 2015లో ఎక్స్‌పీఆర్ వెలువడింది. విలువైన మార్క్ 5 రైఫిళ్లకు ప్రసిద్ధి చెందిన వెదర్‌బీ అయితే 1970లోనే జపాన్‌లోని హోవా కర్మాగారంలో వాన్‌గార్డ్ రకాన్ని చేయించుకుని తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టింది.

ఇందుకు కారణాలు అంతుబట్టనివేమీ కావు. మంచి రైఫిల్ మూడు తరాలు మన్నుతుంది. తాత కొన్నది మనవడి చేతికి వస్తుంది. నాణ్యతే అమ్మకానికి అడ్డుపడే అరుదైన వ్యాపారమిది. దీనికి తోడు వేటగాళ్లే తగ్గిపోతున్న కాలం వచ్చింది. అమెరికా ప్రభుత్వ సర్వే ప్రకారం 16 ఏళ్లు, ఆపై వయసున్న వేటగాళ్లు 2011లో ఒక కోటీ 37 లక్షల మంది కాగా, 2016 నాటికి ఆ సంఖ్య ఒక కోటీ 15 లక్షలకు పడిపోయింది. పాతవారు వయసు మీరి తప్పుకుంటుంటే ఆ స్థానంలోకి రావలసిన యువకుడి జేబులో మూడు వేల డాలర్లు ఉండవు. అతడు మొదటి తుపాకీ ఎవరి వద్ద కొంటే రెండోదానికీ వారి వద్దకే వెళ్లే అవకాశం ఎక్కువ. గడప దగ్గరే అతడిని పట్టుకోవాలన్నది ఈ సంస్థల తాపత్రయం.

ఆ గడప వద్ద అప్పటికే పోటీదారులు కాచుకుని ఉన్నారు. 1988లో దివాలా అంచుకు చేరిన శావేజ్ సంస్థ, 1958 నాటి తన 110 నమూనాను నమ్ముకుని నిలదొక్కుకున్నది. గొట్టాన్ని ఒక నట్టుతో బిగించే దాని నిర్మాణం వల్ల తూటా గదిని కొలతకు సరిచేయడానికి చేయితిరిగిన కార్మికుడు గంటల తరబడి కూర్చోనక్కరలేదు. అదే సూత్రంపై ఆ సంస్థ తెచ్చిన యాక్సిస్, తరువాత రూగర్ సంస్థ 2011లో ప్రకటించిన అమెరికన్ రైఫిల్, 500 డాలర్ల లోపు ధరకే లక్ష్యాన్ని చక్కగా ఛేదించగలవని తేలిపోయింది. అంతటితో ఖరీదైన పేర్ల గుండెల్లో రాయి పడింది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న ధోరణి ఇక చెల్లదని వాటికి తెలిసివచ్చింది.

ధర తగ్గించడం వేరు, కోత ఎక్కడ పెట్టాలో తెలియడం వేరు. వాల్‌నట్ కర్ర పిడికి బదులు పాలిమర్ పిడి అమర్చితే అందం తగ్గుతుందే గాని గురి తప్పదు. పైగా వానకు ఉబ్బదు. నిగనిగలాడే నగిషీ లేకపోతే లేడికి తెలియదు. ఉక్కు గొట్టాన్ని చల్లని స్థితిలోనే సుత్తులతో మోది లోపలి మరచాళ్లను తీర్చే యంత్రం ఖరీదైనదే అయినా, ఒకసారి నెలకొల్పిన తరువాత ఒక్కొక్క గొట్టం నిమిషాల్లో తయారవుతుంది. అందుకే చవక రైఫిల్‌కూ మేలైన గొట్టం దక్కుతున్నది. కంప్యూటర్ అదుపులో నడిచే కోత యంత్రాలు వచ్చాక చేతిపని భారం మరింత తగ్గింది. ఇవన్నీ న్యాయమైన పొదుపులే. ట్రిగ్గర్‌లో, సేఫ్టీ మీటలో, బోల్ట్‌ను బిగించి పట్టే కొమ్ముల ఉక్కులో కోత పెడితే మాత్రం అది పొదుపు కాదు, కొనుగోలుదారుడి ప్రాణంతో ఆడే జూదం.

ఈ తేడా తెలుసుకోవడానికి వించెస్టర్ చరిత్రను మించిన పాఠం లేదు. 1936లో వచ్చిన ఆ సంస్థ మోడల్ 70 అమెరికా వేటగాళ్లకు తలమానికం వంటిది. యుద్ధానంతరం కూలి రేట్లు పెరిగాయి. తక్కువ ఖర్చుతో తయారైన రెమింగ్టన్ 700 రకం 1962లో రంగంలోకి దిగింది. తట్టుకోలేని వించెస్టర్ 1964లో తన రైఫిల్‌నే మార్చివేసింది. తూటాను మొదటినుంచి కొక్కెంతో పట్టి గదిలోకి చేర్చే పాత బోల్ట్‌ను తొలగించింది. పిడిపై చేతితో చెక్కే గళ్లకు బదులు అచ్చు ఒత్తింది. పేరు అదే, వస్తువు మాత్రం వేరు. అభిమానులు దానిని క్షమించలేదు. 1964కు ముందు తయారైన పాత రైఫిళ్లకే గిరాకీ పెరిగింది. 1990వ దశకంలో సంస్థ పాత తరహా బోల్ట్‌ను తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. 2006లో న్యూ హేవెన్‌లోని కర్మాగారం మూతపడింది. దానిని ఓడించిన రెమింగ్టన్‌కైనా సుఖం దక్కలేదు. 1816 నాటి ఆ సంస్థ 2018లో, మళ్లీ 2020లో దివాలా రక్షణ కోరింది. ఇలియన్ పట్టణంలోని దాని కర్మాగారం 2024లో మూతపడింది. చవకతనం ఒక్కటే ఎవరినీ కాపాడదనడానికి ఈ రెండు ఊళ్లే సాక్షి.

వించెస్టర్ చేసిన పొరపాటు ప్రధాన రకాన్నే పలచన చేయడం. సాకో తన పేరును కాపాడుకుంటూ చవక సరుకును టిక్కా అన్న వేరు పేరుతో అమ్మింది. మన దేశంలో ఈ కిటుకు తెలియనిది కాదు. అహమ్మదాబాద్‌లో పుట్టిన నిర్మా పొడి సర్ఫ్ ధరలో స్వల్ప భాగానికే ఇల్లిల్లూ చేరినప్పుడు, హిందుస్థాన్ లీవర్ సర్ఫ్‌ను పలచన చేయలేదు. 1980వ దశకం చివర వీల్ అన్న కొత్త పేరుతో నిర్మాను ఎదుర్కొన్నది. పైమెట్టు కాపాడుకుంటూ కింది మెట్టు కట్టుకోవడమే దానిలోని నేర్పు.

అయితే రైఫిల్ సబ్బుపొడి కాదు. సబ్బు చవకైతే బట్టలు శుభ్రపడతాయి. తుపాకీ చవకైతే ఏమవుతుందన్నది అది ఎవరి చేతిలో పడుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. జర్మనీలో వేటగాడు కావాలంటే రాత, మౌఖిక, గురి పరీక్షలు మూడింటిలో నెగ్గాలి. తుపాకీని ఇనుప పెట్టెలో భద్రపరచాలి. అక్కడ ధర తగ్గినంత మాత్రాన కట్టడి సడలదు. అమెరికాలో లైసెన్సు ఉన్న దుకాణదారుడు కొనుగోలుదారుడి పూర్వాపరాలు విచారించాలన్న నియమం 1993 నాటి బ్రాడీ చట్టంతో వచ్చినా, అనేక రాష్ట్రాల్లో వ్యక్తుల మధ్య జరిగే అమ్మకాలకు ఆ విచారణ లేదు. అటువంటి చోట అధిక ధర కూడా కొంత మేరకు అడ్డుగోడగా నిలిచేది. ఆ గోడ కూలుతున్నప్పుడు చట్టం దాని స్థానంలో నిలవాలి.

నాణేనికి మరో వైపు కూడా ఉన్నది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద అమెరికాలో అమ్ముడయ్యే రైఫిళ్లపై, తూటాలపై తయారీదారుల వద్ద వసూలు చేసే 11 శాతం సుంకం వన్యప్రాణుల సంరక్షణకు చేరుతుంది. వేటగాళ్లు తగ్గితే ఆ నిధికీ గండి పడుతుంది. అక్కడ వేట, సంరక్షణ ఒకే బండికి కట్టిన ఎడ్లు. మన దేశం వేరే దారి ఎంచుకున్నది. ఒకప్పుడు లండన్ తుపాకులతో సంస్థానాధీశులు సాగించిన వేటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగ్గం వేసింది. 1991 సవరణ దాదాపు పూర్తిగా తలుపు మూసింది. ఆయుధాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. తుపాకీని సరుకుగా చూడకపోవడంలో వివేకమే ఉన్నది.

సామాన్యుడికి అందుబాటులోకి రావడం ఏ వస్తువుకూ చిన్నతనం కాదు. నగిషీ తగ్గించి నమ్మకం నిలుపుకునే సంస్థ రేపటికి మిగులుతుంది. నమ్మకాన్నే తగ్గించి అమ్మిన సంస్థకు 1964 మళ్లీ ఎదురవుతుంది. ధరను ఎంతవరకు దించాలో వ్యాపారి నిర్ణయించుకోవచ్చు. జాగ్రత్తను ఎంత ఎత్తున నిలపాలో మాత్రం ప్రభుత్వాలే నిర్ణయించాలి.