పాటగదిలో మంటకు మేత పెట్టకండి

ఇంట్లో పాటకని ఒక గది సిద్ధం చేసుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే గోడకు మేకు కొట్టండి. పరుపుల ఫోము, థర్మాకోల్, కోడిగుడ్ల అట్టలు గోడలకు గానీ పైకప్పుకు గానీ అంటించకండి. ఇప్పటికే అంటించి ఉంటే పీకేయండి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మన చంద్రగిరికి తిరుపతి కూతవేటు దూరం. తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, నాదస్వరం డోలు నేర్పే పాఠశాల ఉంది. నేర్చుకునే పిల్లకాయలు ఇంటికొచ్చి సాధన చెయ్యాలి కదా. ధనుర్మాసం వస్తే తెల్లవారకముందే తిరుప్పావై. అన్నమయ్య కీర్తన పాడి యూట్యూబులో పెట్టాలని ఇంకొకరికి ముచ్చట. ఇళ్ళేమో సిమెంటు గోడలు, గ్రానైటు నేల. చప్పట్లు కొడితే గదంతా మోగుతుంది. పక్కింటివాళ్ళకు నిద్ర కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో 45 డెసిబెళ్ళు మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. డోలెక్కడ, 45 డెసిబెళ్ళెక్కడ! గదిని 'సౌండ్‌ప్రూఫ్' చేసుకుందామన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదు. పొరుగువాళ్ళ మీద గౌరవం ఉండబట్టే ఆ తాపత్రయం. నా భయమల్లా మీరు తెచ్చే సరుకు గురించి.

పొరుగువాళ్ళ మాటతోనే మొదలైన కథ ఒకటుంది, వినండి. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం వెస్ట్ వార్విక్‌లో 'స్టేషన్' అనే చిన్న సంగీత క్లబ్బు ఉండేది. చప్పుడు భరించలేకపోతున్నామని చుట్టుపక్కలవాళ్ళు ఫిర్యాదు చేస్తే యజమానులు వేదిక చుట్టూ ఫోము అంటించారు. అది సామాన్ల ప్యాకింగుకు వాడే పాలీయురేథేన్ ఫోము. 2003 ఫిబ్రవరి 20 రాత్రి వేదిక మీద వెలిగించిన బాణసంచా రవ్వలు దాన్ని అంటుకున్నాయి. తర్వాత ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ వేదిక నమూనా కట్టి, తగలబెట్టి పరిశీలించింది. సుమారు 90 సెకండ్లలోనే అక్కడ మనిషి బతకలేని పరిస్థితి వచ్చిందని తేల్చింది. ఆ రాత్రి దెబ్బకు 100 మంది పోయారు. పదేళ్ళ తర్వాత, 2013 జనవరి 27న, బ్రెజిల్‌లోని శాంటా మరియాలో 'కిస్' క్లబ్బు పైకప్పు ఫోముకు నిప్పంటుకుని 242 మంది పోయారు. 2015లో బుఖారెస్ట్‌లోని ఒక క్లబ్బులో మళ్ళీ అదే ఫోము, అదే మంట, 64 ప్రాణాలు. ఈ ఫోము కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది. మంట ఒంటిని తాకకముందే ఆ పొగ మనిషిని పడేస్తుంది.

మా ఇంట్లో బాణసంచా ఎవరు కాలుస్తారంటారా? సరస్వతమ్మ పటం ముందు దీపం పెట్టరూ? పాఠం మొదలయ్యే ముందు అగరొత్తి, శుక్రవారమైతే కర్పూర హారతి, సాయంత్రమైతే మూలన దోమల చుట్ట. వీటిలో ఏదీ లేకపోయినా కరెంటు ఉంది. 2022 సెప్టెంబరులో వారం తిరక్కుండా మన వైపే రెండు ఘోరాలు జరిగాయి. చిత్తూరులో కాగితం ప్లేట్లు తయారుచేసే చోట మంటల్లో ముగ్గురు పోయారు. రేణిగుంటలో ఒక ఇంట్లో తండ్రీ, ఇద్దరు బిడ్డలూ పోయారు. 2025 మే 18 ఉదయం హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదం 17 మందిని పొట్టనబెట్టుకున్న ఇంటికి బయటపడేందుకు ఉన్నది ఒక్కటే ఇరుకు దారి. ఇవేవీ పాటగదులు కావు. కానీ నిప్పు, పొగ, దారి లేకపోవడం, ఈ మూడూ ఎలా పనిచేస్తాయో ఇంతకన్నా దగ్గరగా చూపించలేను.

ఇంకో బాధేమిటంటే, ఇంత ప్రమాదాన్ని గోడకు తగిలించుకున్నా పక్కింటికి చప్పుడు తగ్గదు. గదిలోపల మోత తగ్గించడం ఒక పని, శబ్దాన్ని బయటికి పోనివ్వకపోవడం వేరే పని. రెండోదానికి కావలసింది బరువు, సందుల్లేని గోడ. మీ ఇటుక గోడ ఆ పని ఇప్పటికే చేస్తోంది. శబ్దం పారిపోయేది తలుపు కింద సందులోంచి, కిటికీ రెక్కల మధ్యనుంచి. మందమైన చెక్క తలుపు పెట్టి, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ వేసి, కిటికీకి రెండో అద్దం బిగిస్తే వచ్చే ఫలితం వంద గుడ్ల అట్టలతో రాదు. లోపలి మోత సంగతీ అంతే. 100 హెర్ట్జ్ ధ్వని అల పొడవు సుమారు 3.4 మీటర్లు. అంగుళం మందం ఫోము దాన్నేం పట్టుకుంటుంది? అది పీల్చేది పైస్థాయి శబ్దాన్నే. తంబురా మెరుపు చచ్చిపోతుంది, మృదంగం ఎడమ వైపు నాదం మాత్రం గదిలో గుమ్మంటూ తిరుగుతూనే ఉంటుంది. గుడ్ల అట్ట అయితే ఆ మాత్రం కూడా చెయ్యదు. ఎలుకలకు, బొద్దింకలకు మాత్రం మంచి వసతి.

ఇప్పటికే కట్టుకున్న గది ఉంటే ఈ పూటే ఒకసారి తిరిగి చూడండి. ముందు స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళండి. ఫోమును కత్తెరతో కోసి బోర్డు అంచుకు ఆనించి అంటిస్తారు. కొన్నాళ్ళకు ప్లగ్గు పెట్టే చోట అది పచ్చబడి, గోరుతో గీరితే పొడిపొడిగా రాలుతుంది. ప్లగ్గు పట్టుకుంటే వెచ్చగా తగులుతుందా? కాలిన వాసన లీలగా వస్తోందా? ఆంప్లిఫయర్ వేయగానే దీపం మసకబారుతోందా? మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోందా? వీటిలో ఒక్కటి కనిపించినా మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ని పిలిపించండి. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కంప్యూటరు, ఆంప్లిఫయరు, రింగ్ లైటు, ఇస్త్రీపెట్టె అన్నీ వేలాడదీయకండి. గోడలోపలి వైర్లు ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా డ్రిల్లు పెట్టకండి.

ఆ తర్వాత తలుపు. సాధన చేసేవాళ్ళకు బయట కేకలు వినబడవు, అందుకే కదా ఆ గది కట్టుకున్నది. వంటింట్లో మంట లేచినా లోపలున్న పిల్లవాడికి తెలియదు. గదిలో ఒకటి, బయట ఒకటి పొగ అలారం పెట్టండి. లోపలి గడియ పిల్లలు తీయగలిగేదై ఉండాలి. తాళం వేసి తాళంచెవి ఇంకెక్కడో పెట్టే అలవాటు ఈ గదికి వద్దు. కిటికీని ప్లైవుడ్‌తో శాశ్వతంగా మూసేయకండి. ఊచలుంటే తెరుచుకునేలా ఒక పక్క మార్పించండి. కష్టమైన పనేం కాదు, ఊళ్ళో ఏ వెల్డింగు అంగట్లోనైనా చేస్తారు.

గాలి మాట కూడా చెప్పాలి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. సందులన్నీ మూసిన గదిలో నలుగురు గంటసేపు పాడితే తలనొప్పి, మగత వస్తాయి. మధ్యమధ్యలో తలుపు తీయండి. ఇన్వర్టరు బ్యాటరీ ఆ గదిలో పెట్టకండి, చార్జింగప్పుడు దానిలోంచి హైడ్రోజన్ వస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ చార్జింగు అక్కడ అసలొద్దు. కరెంటు పోయిందని జనరేటరును కిటికీ పక్కన పెట్టి నడపకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. పాత ఆస్‌బెస్టాస్ రేకులను కోసి పలకలుగా వాడే తెలివి ఎవరైనా చెబితే వినకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ళ తర్వాత పగ తీర్చుకుంటుంది.

మరి ఏం వాడాలి? రాక్‌వూల్. రాతిని కరిగించి తీసిన ఉన్ని. దానంతటది మండదు, వెయ్యి డిగ్రీల వేడికి కూడా తొందరగా కరగదు. మన చంద్రగిరి కోటలో రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపారని అక్కడికి వచ్చేవాళ్ళకు గొప్పగా చెబుతాం. ఇంటి దగ్గర కూడా ఆ తెలివి గుర్తుంటే బాగుండు. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలు అడగండి. ఇన్సులేషన్ సామాను అమ్మేవాళ్ళ దగ్గర చెన్నైలో దొరుకుతాయి. ఇనుప చట్రంలో బిగించి, పోగులు ఊడకుండా గుడ్డ చుట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా తగిలించండి. ఆ ఖాళీ వల్ల కిందిస్థాయి శబ్దాలు ఇంకొంచెం అణుగుతాయి. గుడ్డ కాలుతుందని మరిచిపోకండి, దీపం, స్విచ్ బోర్డు ఉన్న గోడను వదిలేయండి. గదంతా కప్పనక్కర్లేదు. పాడేవాళ్ళకు ఎదురుగా, రెండు పక్కలా, మూలల్లో చాలు. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పైకప్పుకు వేలాడదీసేదైతే ప్లాస్టిక్ గొట్టాలను నమ్మకండి, ఇనుప యాంకరు బోల్టులు వేయించండి. కింద కూర్చునేది మీ బిడ్డే.

'ఫైర్ రిటార్డెంట్' అని రాసిన ఫోము ఉందిగా అంటారు. చిన్న నిప్పురవ్వకు అది కాస్త తట్టుకుంటుందేమో. గది అంటుకున్నాక అదీ కాలుతుంది, దాని పొగా చంపుతుంది. పరీక్ష కాగితం చూపించలేని అంగట్లో ఆ మాట నమ్మి కొనకండి.

ఐఎస్ఐ గుర్తున్న, మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి తలుపు బయట తగిలించండి, లోపల కాదు. మంట నడుం ఎత్తు దాటితే దానితో పోరాడొద్దు. వీణ, తంబురా, ల్యాప్‌టాప్ ఏదీ చూడకుండా పిల్లలను తీసుకుని వంగి బయటికి వచ్చేయండి. తలుపు మూసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

పాత ఫోము పీకేవాళ్ళకు ఇంకొక్క మాట. ముందు ఆ గది కరెంటు ఆపండి. కిటికీ తెరిచి, దీపం తీసేసి మొదలుపెట్టండి. వెనక మిగిలిన రబ్బరు బంకను థిన్నరుతో కడిగే పని ఉంటే ఆ ఆవిరికి కూడా నిప్పంటుకుంటుంది, అది పూర్తిగా పోయేదాకా స్విచ్ వేయకండి. పీకిన ఫోమును పెరట్లో కుప్పవేసి అగ్గిపుల్ల గీయకండి. మీ గదిలో వద్దనుకున్న పొగే అప్పుడు వీధంతా కమ్ముకుంటుంది. మూటకట్టి చెత్తబండికి ఇచ్చేయండి.