బిస్కెట్ కేకు కేకు కాదా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. కానీ అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే నేను కేకు గురించి రాస్తున్నాను. నవ్వకండి! రెండేళ్ల కింద ఒకరు అన్న మాటకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మన హాస్టల్‌లో సగం మంది పుట్టినరోజులు జూన్ నెలలోనే ఉంటాయని మీకు తెలుసు కదా. మనల్ని బడిలో వేసిన రోజు మన అమ్మానాన్నలకు తేదీ గుర్తులేకపోతే, సారు ఏదో ఒక జూన్ తేదీ రాసుకున్నారు. ఒకరకంగా మన పుట్టినరోజులే రెడీమేడ్. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచిన వారంలోనే ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక చెల్లె పుట్టినరోజు వచ్చింది. ఆ పిల్ల ఇంటి మీద బెంగతో మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. కేకు కోద్దామనుకున్నాం. మందమర్రి మార్కెట్లో బేకరీకి పోయి అద్దంలోంచి చూసి వచ్చాం. మా అందరి చిల్లర కలిపినా అర కిలో కేకుకు సరిపోలేదు. మెస్ డబ్బుల్లోంచి తెప్పిద్దామంటే అదీ అయ్యే పని కాదు. 2024లో పెంచేదాకా 8 నుంచి 10 తరగతుల వాళ్లకు నెలకు 1,100 రూపాయలే వచ్చేవి. అంటే రోజుకు 37 రూపాయలు కూడా పూర్తిగా లేవు. మూడు పూటల తిండి పోను ఆ లెక్కలో కేకుకు చోటెక్కడిది?

అప్పుడు ఒక అక్క ఉపాయం చెప్పింది. అయిదు రూపాయల పార్లే-జి ప్యాకెట్లు ఎనిమిది, అర లీటరు పాల ప్యాకెట్ ఒకటి, ఈనో పొట్లాలు రెండు తెచ్చాం. బిస్కెట్లను పొడి చేసి, పాలు పోసి, ఉండలు లేకుండా కలిపాం. వంటమ్మను బతిమాలితే రాత్రి వంట అయ్యాక పొయ్యి ఇచ్చింది. పెద్ద గంజులో అడుగున ఇసుక పోసి వేడి చేశాం. స్టీలు డబ్బాకు నూనె రాసి అందులో పిండి పోసి, చివరిగా ఈనో కలిపి, గంజులో పెట్టి మూత వేశాం. మూత మీద నాలుగు నిప్పులు కూడా వేసింది వంటమ్మ. ముప్పావు గంట ఎవరం అక్కడి నుంచి కదల్లేదు. చీపురు పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకుండా వచ్చింది. ఆ రాత్రి ఆ చెల్లె రెండు ముక్కలు తిన్నది. మర్నాటి నుంచి అన్నం కూడా తిన్నది.

ఇక అసలు విషయానికొద్దాం. పీజీలో చేరాక స్నేహితురాళ్ల మధ్య మాటల్లో ఈ కేకు సంగతి సంబరంగా చెప్పాను. ఒక అమ్మాయి నవ్వింది. "అది బేకింగ్ ఎట్లా అవుతుంది? బేకింగ్ అంటే మైదా, వెన్న, గుడ్లు, ఓవెన్. కొన్న బిస్కెట్లను మళ్లీ ముద్ద చేస్తే కేకు అవుతుందా?" అన్నది. ఆ అమ్మాయి చెడ్డది కాదు, మామూలుగానే అన్నది. కానీ నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లూ గొప్పగా దాచుకున్న జ్ఞాపకం ఒక్కసారిగా నకిలీ సరుకు అయిపోయినట్టనిపించింది.

ఆ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మకు ఈ మాట చెప్పాను. మా అమ్మ పిండివంటలు అమ్మే ఒక దుకాణానికి సకినాలు పోస్తుంది. కిలోల లెక్కన కూలి ఇస్తారు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా బట్ట మీద చుట్లు తిప్పుతూనే ఉంటుంది. వేళ్ల కొసలు తెల్లగా నానిపోతాయి. చేతిలో పని ఆపకుండానే అమ్మ నన్ను ఒకటే అడిగింది. "గట్లయితే నేను పోసిన సకినాలు కొనుక్కపోయినోళ్లు పండుగ జేస్కున్నట్టు గాదా బిడ్డా?"

నేను ఆలోచనలో పడ్డాను. దుకాణంలో కొన్న వస్తువు అనగానే అది ఏదో యంత్రం నుంచి ఊడిపడ్డదన్నట్టు, దాన్ని ఎవరి చేతులూ తాకలేదన్నట్టు మాట్లాడుతాం. కొన్న సకినంలో మా అమ్మ నడుము నొప్పి ఉంది. బిస్కెట్ ప్యాకెట్ వెనుక కూడా ఏదో ఊళ్లో షిఫ్టుకు పోయే కార్మికులు ఉన్నారు. సింగరేణి బొగ్గు ఎక్కడెక్కడో కరెంటుగా మారి వెలుగుతుంది. ఆ దీపం కింద కూర్చున్నవాళ్లు బొగ్గు తీసినవాళ్లను తలుచుకోరు. బొగ్గు ఊరి పిల్లలం, మనమైనా ఈ సంగతి మరవకూడదు కదా!

సరే, "మొదటి నుంచీ సొంతంగా" చేయడం అంటే ఎక్కడి నుంచి? సకినాలకు బియ్యం నానబోసి, వడగట్టి, గిర్నీకి పంపిస్తాం. మా అవ్వ ఉన్నన్నాళ్లూ "రోట్లో దంచిందే పిండి, గిర్నీ పిండి గూడ ఒక పిండేనా" అని గొణిగేది. నువ్వులు మనం పండించలేదు, నూనె గానుగ మనం తిప్పలేదు. అయినా అవి మన ఇంటి సకినాలే. హైదరాబాద్ పెళ్లిళ్ల నుంచి మన ఊళ్ల దాకా వచ్చిన డబల్ కా మీఠా సంగతే చూడండి. దానికి కావలసిన డబల్ రొట్టెను బేకరీలో కొనుక్కొస్తారు. నేతిలో వేయించి, పాకంలో, పాలల్లో నానబెడతారు. అది అసలు మిఠాయి కాదని ఇంతవరకు ఎవరైనా అన్నారా? గిట్స్ కంపెనీ 1963లో మొదలైంది. అటువంటి కంపెనీల గులాబ్ జాం పొడి ప్యాకెట్లు ఇప్పుడు పల్లెటూరి కిరాణాల్లో కూడా దొరుకుతాయి. ఆ పొడితో చేసి "మా ఇంట్లో చేసినం, తిను" అని గిన్నె చేతికిస్తే ఎవరూ కాదనరు. మరి హాస్టల్ పిల్లల బిస్కెట్ కేకు దగ్గరే ఈ ప్రశ్న ఎందుకు వస్తుంది?

కేకు పొడి కథ అమెరికాలో కూడా ఇట్లాగే నడిచింది. 1930లలో పిట్స్‌బర్గ్‌లోని డఫ్ అనే కంపెనీ చెరకు మడ్డిని పిండితో కలిపి ఎండబెట్టి, నీళ్లు పోస్తే చాలు కేకు అయ్యే పొడి తయారు చేసి పేటెంటు తీసుకున్నది. మొదట్లో గుడ్డు కూడా ఎండబెట్టి అందులోనే కలిపారు. తర్వాతి పేటెంటులో ఇల్లాళ్లు తాజా గుడ్లు వాడడానికే ఇష్టపడుతున్నారని రాసి, గుడ్డును పొడిలోంచి తీసేశారు. అన్నీ తయారుగా దొరుకుతున్నా, ఆఖరి పని తన చేత్తో చేయాలని మనిషికి ఉంటుంది. అది నాకు చాలా సహజంగా తోస్తుంది.

అట్లాగని బిస్కెట్ కేకు, బేకరీ కేకు ఒకటేనని నేను వాదించను. నేను కెమిస్ట్రీ విద్యార్థిని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈనోలో సోడియం బైకార్బనేట్, సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. తడి తగలగానే అవి కలిసి కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తాయి. ఆ బుడగలే కేకును పొంగిస్తాయి. అందుకే ఈనో చివరన వేయాలి, వేశాక ఆలస్యం చేయొద్దు. లేకపోతే గ్యాస్ అంతా గాలిలో కలుస్తుంది. ఇక బిస్కెట్‌లోని పిండి ఒకసారి కాలిన పిండి. పచ్చి మైదాలో తడి తగిలితే మాంసకృత్తులు సాగే జాలులాగా అల్లుకుని బుడగలను పట్టి ఉంచుతాయి. కాలిన పిండిలో ఆ బలం తక్కువ. అందుకే బిస్కెట్ కేకు బరువుగా ఉంటుంది, కోస్తుంటే పొడిపొడిగా రాలుతుంది. తీపి కూడా మన చేతిలో ఉండదు, కంపెనీవాడు వేసినంతే. ఇవి లోపాలే, ఒప్పుకుంటాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి బేకరీలు మూతపడ్డప్పుడు పెద్ద పెద్ద ఇళ్లల్లో కూడా కుక్కర్‌లో బిస్కెట్ కేకులు చేసి ఫోన్లలో ఫోటోలు పెట్టుకున్నారు. అంతకుముందు మన లేమి అనిపించుకున్న పని అప్పుడు తెలివి అనిపించుకున్నది! ఆ రోజుల్లోనే నేను మొదటిసారి మైదాతో, గుడ్లతో కేకు చేశాను. కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువని తెలిసి ఆశ్చర్యపోయాను. పాళ్లు మారాయి, గుడ్డు గిలకొట్టడం వచ్చింది. అంతే. ఇసుకను ఎంతసేపు వేడి చేయాలి, మంట ఎప్పుడు తగ్గించాలి, మూత ఎందుకు తీయకూడదు, పుల్ల గుచ్చి ఎట్లా చూడాలి... ఇవన్నీ హాస్టల్ గంజు దగ్గరే నేర్చుకున్నాను. బేకింగ్‌లో కష్టమైన భాగం నిప్పును, సమయాన్ని కనిపెట్టుకుని ఉండడమే అయితే, అది మేము ఆ రాత్రి చేశాం. ప్యాకెట్‌లో అది దొరకదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. బిస్కెట్ కేకు కేకే. అది చేసిన పిల్లలు చేసింది వంటే. కానీ రెండు షరతులు. మొదటిది, దాచొద్దు. ప్యాకెట్ చింపి పొయ్యిలో వేసి "అంతా నేనే చేసిన" అంటే అది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. రెండోది, అక్కడే ఆగొద్దు. ప్యాకెట్ లేకపోతే చేతులు ఆడని స్థితి వస్తే, అప్పుడు మనం కేకు చేయడం లేదు, కంపెనీ చెప్పినట్టు చేస్తున్నాం. మా అమ్మ సకినాలు కొనుక్కపోయేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ మా అమ్మ తర్వాత ఆ చుట్టు తిప్పడం నాకు రాకపోతే మాత్రం తప్పు నాదే. ఇంకా సరిగ్గా రాదు, మూడో చుట్టుకే తెగిపోతుంది. నేర్చుకుంటున్నాను.

ఇది రాస్తుంటే పదో తరగతి గైడు గుర్తొస్తున్నది. "మీరు గైడు చదివి పాసైనోళ్లు" అని మనల్ని చాలామంది అన్నారు. నిజమే, చదివాను. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ట్యూషన్‌కు డబ్బుల్లేవు, ఇరవై రోజుల్లో పరీక్ష. ఆ గైడు లేకపోతే నేను ఇవాళ ఎం.ఎస్సీ.లో ఉండేదాన్ని కాదు. అయితే ల్యాబ్‌లో గైడు పనికిరాలేదు. అక్కడ పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. గైడు చదివినందుకు సిగ్గుపడను. తర్వాత కూడా పుస్తకం తెరవకపోయి ఉంటే సిగ్గుపడేదాన్ని.

చెల్లెళ్లారా! మళ్లీ జూన్ వస్తుంది, మళ్లీ ఎవరిదో ఒకరి పుట్టినరోజు వస్తుంది. వంటమ్మను అడగకుండా, ఆమె పక్కన లేకుండా పొయ్యి దగ్గరికి మాత్రం పోకండి. మొదటిసారి ఎనిమిది బిస్కెట్ ప్యాకెట్లతోనే చేయండి. రెండోసారి రెండు ప్యాకెట్లు తగ్గించి ఆ మేరకు మైదా కలపండి. ఆ తర్వాత ఇంకో రెండు. అట్లా ఒక రోజుకు బిస్కెట్ లేకుండానే కేకు పొంగుతుంది. పొంగకపోయినా పర్వాలేదు, తినేవాళ్లు మనవాళ్లే. ఎవరైనా వచ్చి "ఇది అసలు కేకేనా?" అని అడిగితే నాలాగా తల దించుకోకండి. ఒక ముక్క చేతిలో పెట్టి, ఎట్లా చేశారో మొదటి నుంచి చివరిదాకా చెప్పండి.

– ఒక పూర్వ విద్యార్థిని,
ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ), ద్వితీయ సంవత్సరం