విమానచోదకుల చలువటద్దములు

చలువటద్దములు విమానచోదకునికి అలంకారమని మన విద్యార్థులలో పలువురు తలచుచున్నారు. నర్సీపట్నము బజారున అట్టివి కొని ధరించి, వైద్యుడు వ్రాసి యిచ్చిన సులోచనములను మాత్రము సంచిలో దాచుకొనుచున్నారు. ఈ పద్ధతి విపరీతము.

అమెరికాలో బాష్ అండ్ లాంబ్ సంస్థవారు 1937లో రేబాన్ అద్దములను విక్రయింప నారంభించినది, ఆకాశమున కన్నులను బాధించు వెలుగును తగ్గించుటకే. పైకి పోయిన కొలది, వేయి మీటరులకు సుమారు నూటికి 10 పాళ్లు చొప్పున అతినీలలోహిత కిరణములు హెచ్చును. అట్లని మిక్కిలి నల్లనివి మేలు కావు. వెలుగులో నూటికి 70 మొదలు 85 పాళ్లు అడ్డగించునవి చాలును. రంగులను మార్చి చూపని బూడిదవన్నె శ్రేష్ఠము. నీటి తళుకు నణచు పోలరైజ్డు అద్దములు తాండవ జలాశయమున పడవ నడపువానికి హితమే కాని, చోదకుని యెదుటి తెరలపై అంకెలను మఱుగుపఱచును. దూరమున వచ్చు విమానపు తళుకును గూడ కప్పివేయును.

సులోచనములు గలవాడు విమానము నడపరాదనుట యబద్ధము. యుద్ధవిమానముల నియమములు కఠినతరములే. పౌరవిమానములందు, అద్దములతో దృష్టి నిర్ణీత ప్రమాణము నందినచో అనుమతి గలదు. మఱియొక జత చేరువ నుంచుకొనవలెను. కనుక, తల్లిదండ్రులారా, పిల్లవాని యాశను ముందే త్రుంచివేయకుడు. వైద్యుడిచ్చిన పవరునే బూడిదయద్దమున చేయించుకొనవచ్చును. ఎండకు తమంత నల్లబడు ఫోటోక్రోమిక్ అద్దములను మాత్రము నేను మెచ్చను: విమానపు ముందద్దము అతినీలలోహిత కిరణములను చాలవఱకు ఆపుటచే అవి లోపల తగినంత నల్లబడవు, మబ్బులో చొచ్చినపుడు వెంటనే తేటపడవు. కమ్ములు సన్ననివై యుండవలెను. లావైనచో హెడ్‌సెట్టు క్రింద చెవిని నొక్కి తలనొప్పి తెచ్చును.