మేడమీద సినిమాహాలు

మా అమ్మాయి అత్తవారింటికి వెళ్ళినప్పటినుంచీ మేడమీద గది ఒకటి ఖాళీగా ఉంది. ఖాళీ అన్నది మాటవరసకే లెండి. విరిగిన కుర్చీలూ, పాత పరుపులూ, ఎవరో పైకి తీసుకెళ్ళి కిందికి దించడం మరిచిపోయిన గిన్నెలూ అందులో కాపురం ఉంటున్నాయి. మొన్న సంక్రాంతికి బెంగుళూరునుంచి వచ్చిన మా అబ్బాయి ఆ గది గుమ్మంలో నిలబడి, టేపు పెట్టి కొలిచాడు. వెడల్పు పన్నెండడుగులు, పొడుగు పదిహేడు.

"నాన్నా, ఇందులో సినిమాహాలు కట్టేద్దాం" అన్నాడు.

"టికెట్లెవరు చింపుతారు?" అంది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. ఇంట్లో మేస్త్రీ అడుగుపెడితే ఎన్నాళ్ళకు బయటపడతాడో బొత్తిగా తెలియనివాణ్ణి కాను. స్నానాలగది మరమ్మతుల గాథ ఇదే శీర్షికలో రాసి మీ అందరి సానుభూతీ పొందినవాణ్ణి. ఏదో చెప్పి తప్పించుకుందామనుకుంటూ ఉండగా, వసారాలో చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ తలెత్తింది.

"మాయాబజారు వేస్తావుట్రా అందులో?" అని మనవణ్ణి అడిగింది.

అంతే. ఇక నా ఓటుకి విలువ లేదు. మా అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. 1957లో మాయాబజార్ వచ్చినప్పుడు ఆవిడ పరికిణీ వోణీల పిల్ల. మా తాతగారు బండి కట్టించి ఊరినుంచి తీసుకెళ్ళారట. ఆ తరవాత ఆ బొమ్మ టీవీలో ఎన్నిసార్లు వచ్చినా, "ఇది అది కాదురా" అనేది. ఏది కాదో మాకు అర్థమయ్యేది కాదు.

ప్రొజెక్టరు వచ్చింది. నూరంగుళాల తెర వచ్చింది. నూరంగుళాలంటే ఒక మూలనుంచి ఎదురు మూలకి ఏటవాలుగా కొలిచిన కొలత. అడ్డంగా చూస్తే ఏడడుగుల పై మూడంగుళాలు, నిలువునా నాలుగడుగుల పై ఒక అంగుళం. అంత తెరకి పదడుగులనుంచి పధ్నాలుగడుగుల దూరంలో కూచుంటే సుఖంగా ఉంటుందని మావాడు లెక్కలు వేశాడు. ముందు వరస సోఫా పదడుగుల దగ్గరా, వెనక వరస పధ్నాలుగడుగుల దగ్గరా పడ్డాయి. వెనకవాళ్ళకి ముందువాళ్ళ తలలు అడ్డం రాకుండా ఏడంగుళాల ఎత్తున చెక్క అరుగు కట్టించాం. ఈ అరుగు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మొదటి ఆట పెట్టాం. పాత బొమ్మ గనక తెర నిండా రాలేదు. ఎత్తు సరిపోయింది గాని, వెడల్పున అయిదున్నర అడుగులే వచ్చి అటూ ఇటూ ఖాళీ మిగిలింది. దానికెవరూ బాధపడలేదు. అసలు బాధ వెన్నెలతో వచ్చింది. శశిరేఖాభిమన్యులు పడవెక్కారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతోనూ దీపాలతోనూ పండించిన ఆ వెన్నెల, మా గదిలో బూడిద రాసినట్టు తేలిపోయింది. నది ఏదో, ఆకాశం ఏదో తెలియలేదు.

"ఇది అది కాదురా" అంది మా అమ్మ.

ఖరీదైన యంత్రం కొని మోసపోయాం గావునని నేననుకున్నాను. మావాడు మర్నాడంతా ఏదో చదివి, తప్పు యంత్రానిది కాదనీ, గోడలదనీ తేల్చాడు. ఆ విషయం విన్నాక ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తోచలేదేమా అనిపించింది. ప్రొజెక్టరు వెలుతురుని పంపగలదు గాని నలుపుని పంపలేదు. తెరమీద మనకి కనిపించే నలుపంతా వెలుతురు పడనిచోటు మాత్రమే. మా గదికి నాలుగు గోడలూ, పైకప్పూ తెల్లసున్నపు రంగే. తెరమీద పడ్డ వెలుతురు గోడలమీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగి తెరమీదికే వచ్చి నలుపుని కడిగేస్తోంది. వెన్నెల దృశ్యమంతా నలుపులో తేడాలే కదా! అవి పోయాక ఇంకేం మిగుల్తుంది?

అంచేత రంగులు వేయించాం. తెర ఉన్న గోడకీ, దాని పక్కనున్న గోడలకీ, పైకప్పుకీ మెరుపు లేని ముదురు రంగు. రంగుల కొట్లో కుర్రాడు, "కడుక్కోడానికి వీలుగా ఉంటుందండీ" అని మెరిసే రకం అంటగట్టబోయాడు. అది వేస్తే గోడే అద్దమవుతుంది; వద్దన్నాం. మా ఆవిడ నలుపు ఒప్పుకోలేదు. "శుభమా అని గది చేసుకుంటూ నలుపేమిటండీ" అని ముదురు వంకాయరంగు ఎంచింది. పని జరగడానికి ఆ రంగూ చాలు. కిటికీకి లోపల దళసరి గుడ్డ కుట్టిన మఖమలు తెరలు వేలాడదీశాం. ఆ తెరలు కిటికీ చట్రానికి అటూ ఇటూ జానెడు దాటి ఉండాలి. లేకపోతే మధ్యాహ్నపు ఎండ అంచుల్లోంచి కత్తిలా లోపలికి వస్తుంది. ఈ రంగుకీ గుడ్డకీ అయిన ఖర్చు ప్రొజెక్టరు ఖరీదులో పదో వంతు లేదు. ప్రయోజనం చూస్తే దీనిదే పైచేయి అని నా అభిప్రాయం.

రెండో ఆట అద్భుతంగా సాగింది. చీకటంటే చీకటి! అరచెయ్యి కనిపించని చీకటి. పడవ పాటకి మా అమ్మ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మెప్పు.

ఆ తరవాత కాసేపటికి దాహమై లేచింది. సినిమా ఆపించడం ఇష్టం లేక ఎవరికీ చెప్పలేదు. వెనక వరసలో కూచుందని చెప్పాను కదా, లేదా, చెప్పలేదా? ఎత్తుగా ఉంటే బాగా కనిపిస్తుందని మేమే కూచోబెట్టాం. అరుగు అంచు ఆవిడకి కనపడలేదు. చప్పుడు మాత్రం మా అందరికీ వినిపించింది. దీపం వెయ్యడానికి స్విచ్చి గుమ్మం పక్కనుంది. చీకట్లో తడుముకుంటూ అక్కడికి వెళ్ళడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు గాని, అంత పొడుగైన గదిని నేనింకా చూడలేదు.

మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. డాక్టరుగారు, "తుంటి ఎముక కాలేదు, అదృష్టవంతులు" అన్నారు. మా అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. "నాకెందుకురా ఈ వయసులో సినిమాలు" అని మాత్రం అంది. అది నన్ను తిట్టినదానికంటె ఎక్కువ. మా అబ్బాయి బెంగుళూరు వెళ్ళిపోయాడు. గదికి తాళం పెట్టాను. రోజూ మేడ ఎక్కుతూ ఆ తాళం చూసినప్పుడల్లా, ముసలావిడకోసం కట్టిన గదిలో ముసలావిడ సంగతే మరిచిపోయామని తోచేది.

కట్టు విప్పాక ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూచుని పాత సినిమాహాళ్ళ మాటలు కదిపాను. "మీ రోజుల్లో చీకట్లో ఎవరూ పడేవారు కాదా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు పడతారూ? లైటు బ్యాటరీ పట్టుకుని మనిషి ఉండేవాడుగా. కాళ్ళముందు వెలుతురు వేసేవాడు. మొహాలమీద వేస్తే జనం కేకలేసేవారు. దీపాలు టప్పున ఆర్పేవారా ఏమిటి? పొద్దు గుంకినట్టు మెల్లిగా పోయేవి. తలుపులమీద ఎర్రదీపాలు ఎప్పుడూ ఉండేవే" అంది.

ఎనభై ఏళ్ళావిడ ఏడు వాక్యాల్లో ఇంజనీరుకి పాఠం చెప్పింది. హాల్లో కట్టేది చీకటొక్కటే అని మేమనుకున్నాం. ఏ దీపం ఎక్కడ, ఎంత, ఎవరి కాళ్ళమీద పడాలో తెలిసినవాళ్ళు కట్టిన హాళ్ళవి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. పైగా వయసుతోపాటు కనుపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవాడికి చేరేదాంట్లో మూడో వంతేనని చెబుతారు. మాకు చీకటిగా ఉన్నచోట ఆవిడకి శూన్యం.

ఆ రాత్రే మావాడికి ఫోను చేశాను. దీపాల పని మొదలయింది. ఇలాంటి గది కట్టుకునే ఉద్దేశం మీకెవరికైనా ఉంటే, మిగతా అంతా మరిచిపోయినా ఇది మాత్రం చదవండి.

అన్నిటికంటె ముందు మెట్టు దీపం. అరుగు అంచు కింద అల్యూమినియం గాడి బిగించి, దాంట్లో సన్నని ఎల్.ఇ.డి. పట్టీ దూర్చి, పైన పాలరంగు మూత వేశాం. వెలుతురు నేలమీదికే జారుతుంది, కళ్ళల్లోకి రాదు. లైటు బ్యాటరీ మనిషి చేసిన పనే ఇది. రంగు పసుపు ఛాయది, అంటే డబ్బామీద 2700 కె. అని రాసి ఉండేది తీసుకున్నాం. 6500 అన్నది ట్యూబులైటులా తెల్లగా కొడుతుంది, చీకట్లో గుచ్చుకుంటుంది. ఈ దీపం ఆట ఆడినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. మిగతా దీపాలన్నీ ఆర్పే మీటతో ఇది ఆరకూడదని దీని తీగ వేరుగా లాగించాం. ఇన్వర్టరుకి కూడా కలిపించాం. కరెంటు పోతే ఆ గదిలో పట్టపగలైనా అమావాస్యే మరి.

రెండోది పైకప్పు అంచున ఒక గూడు కట్టి అందులో దాచిన దీపం. పట్టీ కనిపించదు, వెలుతురే కనిపిస్తుంది. తెర ఉన్న గోడకి నాలుగడుగుల ఇవతలే దాన్ని ఆపేశాం, తెరమీద పడకుండా. ఇది పొద్దు గుంకినట్టు తగ్గాలి కదా! ఇక్కడ మా ఎలక్ట్రీషియను ఒక ఉపాయం చెప్పాడు. "ఫేను రెగ్యులేటరు పెట్టేస్తానండీ" అన్నాడు. పెట్టాడు కూడా. దీపం తగ్గడానికి బదులు జ్వరమొచ్చినట్టు వణికింది. ఎల్.ఇ.డి. పట్టీ 230 వోల్టుల కరెంటు తినదు. మధ్యలో డ్రైవరనే పెట్టె ఉండి, దాన్ని 24 వోల్టులకి దించి అందిస్తుంది. పట్టీ, డ్రైవరు, తగ్గించే మీట మూడూ ఒకదానికొకటి పొసగేవి కావాలి. డబ్బామీద డిమ్మబుల్ అని లేని డ్రైవరుతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. పట్టీల్లో 12 వోల్టులవీ ఉన్నాయి గాని, పొడుగు ఎక్కువైతే చివరికి వెళ్ళేసరికి వెలుతురు నీరసిస్తుంది. ఇరవైనాలుగులో ఆ బాధ తక్కువ.

డ్రైవరు పెట్టె వేడెక్కుతుంది. దాన్ని కప్పులో పూడ్చి పైన సిమెంటు పూస్తానన్నాడు ఆ మహానుభావుడే. పాడయితే కప్పు పగలగొట్టాలా నాయనా అని, గుమ్మం పక్క గూట్లో గాలి ఆడేచోట పెట్టించాను. మేడకంతటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే అది కూడా అప్పుడే పెట్టించాం. ఎక్కడైనా కరెంటు లీకై మనిషిమీదుగా పోతుంటే అది టక్కున ఆపేస్తుంది.

మీటలు రెండుచోట్ల పెట్టించాం. గుమ్మం దగ్గరొకటి, మా అమ్మ కుర్చీ చేతికి ఆనుకుని ఇంకొకటి. పక్కనే గోడకి పట్టుకోడానికి కర్రకమ్మీ. కుర్చీ కూడా వెనక అరుగుమీంచి ముందు వరసకి వచ్చేసిందని వేరే చెప్పక్కర్లేదు. మావాడు గోడలకి రంగులు మార్చే దీపాలు కూడా పెడతానన్నాడు. పెళ్ళిపందిరిలా ఉంటుందని మా ఆవిడ కొట్టేసింది. నేనూ ఆవిడ పక్షమే.

అంతా అయ్యాక మా అమ్మని పిలవడమే పెద్ద పనయింది. "రానురా" అంది. రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం తనే మేడమెట్ల దగ్గరికొచ్చి, "ఆ దీపాలేవో చూసి వెళ్ళిపోతాను" అంది. కమ్మీ పట్టుకుని గుమ్మంలో నిలబడి, మెట్టు దీపం చాలాసేపు చూసింది. కాలు జాపి అరుగు అంచుని బొటనవేలితో తడిమింది. కుర్చీలో కూచుంది. మీట ఎలా తిప్పాలో మనవడు చూపించాడు. ఆవిడే తిప్పింది. పైదీపం పది క్షణాలసేపు మెల్లమెల్లగా తగ్గి పోయింది. చివర్న ఆవిడ పాదాల దగ్గర పచ్చని చార ఒకటి మిగిలింది.

"మాయాబజారు పెట్టనా బామ్మా?" అన్నాడు వాడు.

"అది చూశాంగా. లవకుశ లేదూ? రంగులది" అంది.

లవకుశ 1963 నాటిది, మూడున్నర గంటల బొమ్మ. మధ్యలో ఒకసారి లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కిందికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూచుంది. వచ్చేటప్పుడు మరచెంబు కూడా తెచ్చుకుంది. ఆవిడ లేచిన సంగతి మా ఆవిడా నేనూ గమనించనట్టే తెరవంక చూస్తూ కూచున్నాం.