పెద్ద ఫ్యూజు వేస్తే పోలా?

కారులో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 10 ఆంపియర్ల ఎర్రది పీకేసి 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చమనేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఇంట్లో ఫ్యూజు తీగ బదులు నాలుగు పోగుల రాగి తీగ మెలేసి చుట్టిన అలవాటే కారుకూ ఎక్కింది. రేడియోనో లైటునో కాపాడటానికే ఫ్యూజు ఉందన్న నమ్మకం దీనికి మూలం. నిజానికి అది ముందుగా కాపలా కాసేది వైరుకు. వైరు మందం ఎంత కరెంటును తట్టుకుంటుందో చూసే ఫ్యూజు రేటింగు నిర్ణయిస్తారు. ఫ్యూజు మార్చినంత మాత్రాన డ్యాష్‌బోర్డు వెనక వైరు లావెక్కదు కదా! వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు 10 నుంచి 30కి చేరితే వేడి తొమ్మిది రెట్లు. ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి కారి, పక్క వైర్లకు అంటుకుంటున్నా 30 ఆంపియర్ల ఫ్యూజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. మామూలు హెచ్4 హెడ్‌లైటు బల్బు 60 వాట్లు. 12 వోల్టుల లెక్కన రెండూ కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. వాటి స్థానంలో 100 వాట్లవి పెడితే దాదాపు 17. అందుకు రిలే, విడిగా లావుపాటి వైరు, బ్యాటరీ దగ్గరే దానికో ఫ్యూజు కావాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ ‘పెద్ద ఫ్యూజు’ వైద్యం.

పన్నెండు వోల్టులు షాకే కొట్టవు, ఏమవుతుందని కొందరంటారు. షాక్ కొట్టకపోవడం వేరు, మంట పుట్టకపోవడం వేరు. స్టార్టర్ మోటారుకు వందల ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ షార్ట్ సర్క్యూట్‌కూ అంతే ధారాళంగా ఇస్తుంది. అయిదేళ్లుగా ఏమీ కాలేదన్నది ఇంకో వాదన. ఏ లోపమూ లేనప్పుడు ఫ్యూజు స్థానంలో మేకు పెట్టినా బండి నడుస్తుంది. తొడుగు అరిగి వైరు బాడీకి తగిలిన రోజే ఫ్యూజు అవసరం. అర్ధరాత్రి హైవే మీద ఫ్యూజు పోతే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. చాలా కార్లలో ఫ్యూజు బాక్సు మూత మీదో మాన్యువల్‌లోనో ఏది దేనిదో రాసి ఉంటుంది. స్పేర్ లేకపోతే రేడియోదో లైటర్ సాకెట్‌దో అదే రేటింగుదైతే తీసి వాడుకోవచ్చు. అదీ వెంటనే పోయిందంటే ఎక్కడో వైరు తగులుతోందన్నమాట. పోయింది హెడ్‌లైట్లదే అయితే బండి రోడ్డు పక్కకు తీసి మెకానిక్‌కు ఫోన్ చేయాల్సిందే.