పడవ పాటకి జాకెట్!

మన సినిమాల్లో పడవెక్కిన హీరోయిన్‌కి లైఫ్ జాకెట్ తొడగ్గా ఎవరైనా చూశారా? నేను చూసినంతలో లేదు. జుట్టు గాలికి రేగాలి, పైట ఎగరాలి, చేత్తో నీళ్ళు చిమ్మాలి. హీరోగారు తెడ్డు రెండుసార్లు వేసి వదిలేస్తాడు. ఆ తర్వాత పడవ దానంతటదే పోతుంది, చరణం వైపు!

పూర్వం చాలా పడవలు నీళ్ళ మొహమే ఎరగవు లెండి. స్టూడియోలో వెనక తెరమీద నది పారుతూంటే, ముందున్న పడవని కెమెరాకి కనబడకుండా ఎవరో కూచుని ఊపేవాళ్ళు. నిజంగా గోదావరి మీదికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1964లో ఆదుర్తి ‘మూగమనసులు’లో అక్కినేనిని పడవవాణ్ణి చేస్తే, 1973లో బాపు-రమణలు ‘అందాల రాముడు’లో ఏకంగా భద్రాద్రి యాత్రే పడవమీద నడిపించారు. పడవంటే పాటే అని మనం నమ్మేశామంటే తప్పెవరిది?

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా వీధి చివరి బట్టల కొట్టువాళ్ళు పండక్కి ఓ పాస్ ఇచ్చారు. ‘ఇంటిల్లిపాదికీ హుస్సేన్ సాగర్‌లో ఉచిత బోటింగ్’! ఇంటిల్లిపాది అంటే నలుగురేనట. ఆ సంగతి వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మేము ఏడుగురం. రెండు ఆటోలు, లుంబినీ పార్కు గేటు దగ్గర టిక్కెట్లు, మిగతా ముగ్గురికి బోటు టిక్కెట్లు, పిల్లలకి మొక్కజొన్న పొత్తులు... ఉచితానికయిన ఖర్చు ఇక్కడ రాస్తే మా ఇంట్లో ఈ పత్రిక మానిపించేస్తారు.

బోటు దగ్గర జాకెట్ల కుప్ప. “వేసుకోండి సార్” అన్నాడు కుర్రాడు, రోజుకి వందసార్లు అనే గొంతుతో. ఎవరూ కదల్లేదు. “పట్టుచీర మీద అదేమిటండీ, ఫొటోలో చీర కనబడొద్దూ?” అంది మా ఆవిడ. మా వాడు అప్పటికే సెల్‌ఫోను పైకెత్తి జుట్టు సవరించుకుంటున్నాడు.

మా అత్తగారిది కొవ్వూరు. 1974లో రైలు-రోడ్డు వంతెన వచ్చేదాకా, రైలు తప్పితే లాంచీలోనే రాజమండ్రి దాటిన మనిషి. నీళ్ళంటే భయం లేదావిడకి. ఆవిడే ముందుగా కుప్పలోంచి ఓ జాకెట్ తీసి, చీరమీద తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, “కచ్చులూరు మర్చిపోయారా అల్లుడుగారూ?” అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఎలా మర్చిపోతాం? 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూద్దామని పిల్లాపాపలతో బయల్దేరినవాళ్ళు. దేవీపట్నం అవతల కచ్చులూరు దగ్గర బోటు తిరగబడి యాభైమంది దాకా పోయారు. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న కృష్ణలోనూ అదే కథ. అదీ ఆదివారమే, కార్తీక మాసం. ఇరవైమందికి పైగా తిరిగి రాలేదు. వీళ్ళెవరూ సాహసాలకి పోయినవాళ్ళు కారు. మనలాగే ఫొటోలకి నిలబడ్డవాళ్ళు.

మా ఆవిడ మారుమాట్లాడకుండా జాకెట్ తొడుక్కుంది. మా వాడూ అంతే. వాడి పట్టీలు వాళ్ళ అమ్మమ్మే బిగించారు, ఊపిరాడదని వాడు గోలపెడుతున్నా.

బోటు కదిలాక బుద్ధుడు దగ్గరయ్యాడు. రామారావుగారు కన్న కల అది. భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన ఒకే రాయి, గణపతి స్థపతి చెక్కిన ఏకశిల. 1990 మార్చి 10న పంటుమీద తెస్తూంటే ఒరిగి, విగ్రహం ఈ నీళ్ళల్లోనే పడిపోయింది. ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో గాని విగ్రహాన్ని పైకి తీయలేకపోయారు. “ఇక్కడేనా తాతయ్యా?” అని మా మనవరాలు అంచుమీదికి వంగితే, జాకెట్ వెనక పట్టీ పట్టుకుని లాగాను. ఆ పట్టీ అందుకూ పనికొస్తుంది సుమండీ!

దర్శకులకో విన్నపం. ఈసారి పడవ పాట తీసేటప్పుడు హీరోయిన్‌కి ఒక్క జాకెట్ తొడగండి. నారింజ రంగు, నీలి నీళ్ళమీద ఈస్ట్‌మన్ కలర్ రోజుల్లోలా మెరిసిపోతుంది. హీరోగారు పట్టీలు బిగించడానికి ఒక చరణం పట్టినా మాకు అభ్యంతరం లేదు. పాట రాసే కవిగారికి ప్రాస వెతుక్కునే శ్రమ కూడా ఉండదు: జాకెట్, టిక్కెట్!